ఇంట్లోంచి పని, పెరిగిన గ్యాస్ బిల్లు: ముందు మీటర్ దగ్గరికి వెళ్ళండి

మీ ప్రశ్న నాకర్థమైనంత వరకు ఇది. ఆఫీసుకి వెళ్ళే రోజుల్లో పొద్దున ఓ గంట, సాయంత్రం నాలుగు గంటలు హీటింగ్ వేసేవాళ్ళు, ఇప్పుడు ఇంట్లోంచే పని కాబట్టి పగలంతా వేస్తున్నారు, గ్యాస్ బిల్లు దాదాపు రెట్టింపైంది, పైగా అమ్మగారు కూడా పగలు ఇంట్లోనే ఉంటారు. రోజంతా సన్నగా వేసి ఉంచాలా లేక ఆపి ఆపి వేయాలా, గదిలో చిన్న కరెంటు హీటర్ పెట్టుకుంటే చవకా, వంట దగ్గర గ్యాస్ తగ్గిస్తే ఏమన్నా కలిసొస్తుందా అని మూడు అడిగారు. నేను పన్నెండేళ్ళు బాయిలర్లు (గ్యాస్‌తో నీళ్ళు కాచి, గదుల్లో గోడకుండే రేడియేటర్లనే లోహపు పలకల్లోకి పంపి ఇల్లు వేడి చేసే యంత్రాలు) బిగించి, రిపేర్లు చేసి, మోకాళ్ళు మొరాయించాక ఇంట్లో కూర్చుని హీటింగ్ లెక్కలు వేసే పనిలో పడ్డా. అంటే ఇతరుల బిల్లులూ చూశా, నా బిల్లు చూసి గుండె జారడమూ అయింది, కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిక పట్టండి.

వంట సంగతి ముందే తేల్చేస్తా ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. లీటరు నీళ్ళు మరగడానికి నికరంగా కావాల్సింది యూనిట్‌లో పదోవంతు కన్నా తక్కువ (యూనిట్ అంటే కిలోవాట్ అవర్, బిల్లులో ఉండేది అదే). గ్యాస్ పొయ్యి మంటలో సగానికి పైగా గిన్నె పక్కల నుంచి గాల్లోకి పోతుంది కాబట్టి పావు యూనిట్ అనుకోండి. రోజంతా వంట చేసినా రెండు మూడు యూనిట్లు. చలికాలంలో పగలంతా హీటింగ్ వేసిన ఓ మామూలు ఇల్లు తినేది రోజుకి యాభై, అరవై, పాత ఇల్లయితే వంద కూడా. గిన్నె మీద మూత పెట్టండి, మంట గిన్నె అడుగు దాటి పక్కలకి రాకుండా చూడండి, అంతటితో ఆ సంగతి మర్చిపోండి. పొయ్యి దగ్గర పొదుపు చేసి బాయిలర్‌ని గాలికొదిలేస్తే చిల్లర లెక్కపెట్టుకుంటూ నోట్ల కట్ట బస్సులో మర్చిపోయినట్టుంటుంది.

ఇప్పుడు అసలు పని. బిల్లు చూడకండి, మీటర్ చూడండి. బిల్లు నెలకో మూడు నెలలకో వస్తుంది, చాలాసార్లు అది అంచనా రీడింగే, దాన్ని పట్టుకుని ఏ గంటలో ఏం ఖర్చయిందో ఎవరూ చెప్పలేరు. ఓ వారం పాటు రోజూ నాలుగుసార్లు రీడింగ్ రాయండి, లేవగానే, పని మొదలుపెట్టేటప్పుడు, పని ఆపేటప్పుడు, పడుకునేముందు. మీటర్ క్యూబిక్ మీటర్లలో ఉంటే ఒక్కో క్యూబిక్ మీటర్‌కి సుమారు 11 యూనిట్లు, వంద క్యూబిక్ అడుగుల లెక్కలో ఉంటే ఒక్కోదానికి సుమారు 31 యూనిట్లు. గ్యాస్ నాణ్యతని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, మన పనికి ఇది చాలు. ఎండాకాలం బిల్లు ఉంటే దాంట్లో రోజుకెంత పడిందో తీయండి, అది వేడినీళ్ళు, వంట. చలికాలం రోజు లెక్కలోంచి దాన్ని తీసేస్తే మిగిలింది హీటింగ్. నాకు తెలిసి ఈ తీసివేత చేసిన ప్రతివాళ్ళూ ఒకసారి నోరెళ్ళబెట్టినవాళ్ళే.

నా సంగతి చెప్తా. ఇంట్లో కూర్చున్న మొదటి చలికాలం నేను తెలివైనవాణ్ణి కదా అని ఖరీదైన స్మార్ట్ థర్మోస్టాట్ (గది వేడి చూసి బాయిలర్‌ని వెలిగించి ఆపేది) కొన్నా, ఫోన్‌లో గ్రాఫులు అవీ చూసుకుని మురిసిపోయా, బిల్లు మాత్రం ఇంచు కూడా కదల్లేదు. ఎందుకంటే అది బిగించింది వీధి తలుపు దగ్గర నడవలో, పాతది ఉన్న చోటే. నేనుండేది పైన చిన్న గదిలో. నడవలో తలుపు సందు గాలికి పద్దెనిమిది దాటదు, అది దాటేదాకా బాయిలర్ మండుతూనే ఉంటుంది, పైన నా గది ఇరవై నాలుగు, నేనేమో కిటికీ తీసి కూర్చుంటున్నా. వేరేవాళ్ళింట్లో అయితే ఐదు నిమిషాల్లో పట్టేసేవాణ్ణి, మన వీపు మనకి కనపడదు అంతే. చివరికి సెన్సార్‌ని నేను కూర్చునే గదిలోకి మార్చా, పగలు దాని మాటే వినేలా పెట్టా. మీకు అలా మార్చే వీలు లేకపోతే కనీసం మిగతా గదుల రేడియేటర్లకుండే అంకెల వాల్వులు (చాలా వాటిల్లో 3 అంటే సుమారు ఇరవై డిగ్రీలు) తగ్గించుకోండి, కానీ థర్మోస్టాట్ ఉన్న గదిలోని రేడియేటర్ వాల్వు మాత్రం పూర్తిగా తెరిచే ఉంచాలి, లేకపోతే ఒకటి వేడి కావాలంటుంది ఇంకోటి వద్దంటుంది, బాయిలర్ ఆగకుండా నడుస్తుంది. ఈ అంకెల వాల్వుల్లో దేని మీద కర్టెన్ పడినా సోఫా ఆనినా దాని చుట్టూ ఉన్న గాలినే గది అనుకుని ముందే మూసుకుపోతుంది, అదీ చూసుకోండి.

రోజంతా సన్నగా వేసి ఉంచితే చవక అనే మాట ప్రతి చలికాలం ఎవరో ఒకరు అంటారు. చల్లారిన ఇంటిని మళ్ళీ వేడి చేయడానికి ఎక్కువ గ్యాస్ పడుతుందట. చిల్లు కుండని ఊహించుకోండి. కుండ నిండుగా ఉంటే చిల్లులోంచి నీళ్ళు జోరుగా పోతాయి, మట్టం తగ్గేకొద్దీ ధార సన్నబడుతుంది. రోజంతా నిండుగా ఉంచడానికి పోస్తూనే ఉంటే మొత్తం పోసిన నీళ్ళు ఎక్కువా, సగానికి దిగనిచ్చి సాయంత్రం ఒకేసారి నింపితే ఎక్కువా? ఇల్లూ అంతే, పోయే వేడి లోపలికీ బయటికీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. బయట 5, లోపల 21 అయితే తేడా 16, ఒక్క డిగ్రీ తగ్గిస్తే పదహారో వంతు, అంటే ఆరు శాతం మిగిలినట్టు. కాబట్టి అక్కర్లేని గంటల్లో దిగనివ్వండి. అయితే పూర్తిగా ఆపేయకుండా రాత్రి ఓ 15, 16 దగ్గర ఆగేలా పెట్టండి, ఎందుకో తేమ దగ్గర చెప్తా. అమ్మగారి గది సంగతి మాత్రం వేరు, అది చివర్లో.

ఇంట్లోంచి పని చేసేవాళ్ళకి మాత్రం దీంట్లో ఓ మెలిక ఉంది. ఇల్లు ఖాళీ లేదు, మీరున్నారు, కానీ కదలకుండా ఉన్నారు. కూర్చుని టైప్ చేసే మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి సుమారు వంద వాట్లు, అదే మనిషి ఇల్లు సర్దుతూ తిరుగుతుంటే దానికి రెట్టింపు వస్తుంది. అందుకే ఆదివారం 19 డిగ్రీల్లో హాయిగా తిరిగిన మనిషికి సోమవారం మూడో మీటింగ్‌కి అదే 19లో వేళ్ళు కొంకర్లు పోతాయి, థర్మోస్టాట్ చెడిపోయిందని నాలాంటివాళ్ళకి ఫోన్ చేస్తారు. అక్కడ చెడిపోయింది ఏమీ లేదు. ఇంటిని వేడి చేయడం వేరు, కూర్చున్న మనిషిని వేడి చేయడం వేరు, బిల్లు తేడా అంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

టేబుల్ ఎక్కడుందో చూసుకోండి ముందు. వెలుతురు కోసం అందరూ కిటికీ పక్కన వేస్తారు. గది గాలి ఇరవై ఉన్నా కిటికీ అద్దం పదో పన్నెండో ఉంటుంది, మన ఒంటి వేడి ఆ చల్లటి అద్దం వైపు పోతూనే ఉంటుంది, పైగా అద్దం దగ్గర చల్లబడిన గాలి బరువెక్కి కిందకి జారి నేరుగా కాళ్ళ మీదకి వస్తుంది. టేబుల్‌ని లోపలి గోడ వైపు జరిపితే థర్మోస్టాట్ ముట్టుకోకుండానే ఒకటి రెండు డిగ్రీలు పెంచినట్టుంటుంది, దీనికి పైసా ఖర్చు లేదు. మంచి స్వెటర్ ఒకటి వేసుకుంటే ఇంకో రెండు డిగ్రీల విలువ. కాళ్ళ కింద మందపాటి చాప లేదా రగ్గు, ఇంకా చలేస్తే కాళ్ళ దగ్గరో ఒళ్ళోనో కరెంటు హీటింగ్ ప్యాడ్, అది తీసుకునేది 50 నుంచి 100 వాట్లు, ఎనిమిది గంటలు వేసినా యూనిట్ లోపే. గంటకోసారి లేచి రెండు నిమిషాలు నడిస్తే ఇంకా మంచిది. నేను నడవను, నడిస్తే మంచిదని మాత్రం తెలుసు.

ఇక గదిలో కరెంటు హీటర్ చవకా అన్న ప్రశ్న. దీనికి అవును కాదు అని ఎవరు ఒక్క మాటలో చెప్పినా నమ్మకండి, మీ బిల్లుల్లో రెండు అంకెలు కావాలి. కరెంటు యూనిట్ ధరని గ్యాస్ యూనిట్ ధరతో భాగించండి. ఉదాహరణకి 4 వచ్చిందనుకుందాం. తలుపు మూసిన చిన్న గదికి మొదట్లో కాస్త ఎక్కువ పట్టినా సగటున 500 వాట్లు సరిపోతే ఎనిమిది గంటలకి 4 కరెంటు యూనిట్లు, ఖర్చులో అవి 16 గ్యాస్ యూనిట్లతో సమానం. అదే ఎనిమిది గంటలు ఇల్లంతా గ్యాస్‌తో వేడి చేస్తే 30 యూనిట్లు పడుతున్నాయని మీ మీటర్ చెప్తే హీటర్ గెలిచినట్టే. కానీ గది పెద్దదై, సందులెక్కువై, 2 కిలోవాట్ల ఫ్యాన్ హీటర్ ఆగకుండా తిరిగితే 16 కరెంటు యూనిట్లు, అంటే 64 గ్యాస్ యూనిట్ల ఖర్చు, మూలిగే నక్క మీద తాటికాయ పడ్డట్టే. అందుకే థర్మోస్టాట్ లేని హీటర్ కొనొద్దు. ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తగిలించొద్దు కూడా, కరిగిపోయిన బోర్డులు చాలా చూశా.

మరి గ్యాస్‌తోనే ఒక్క గది రేడియేటర్ ఒకటి వేసుకుంటే పోలా అంటారు. బానే ఉంటుంది, కొంతవరకు. బాయిలర్‌కి ఓ కనీస మంట ఉంటుంది, చాలావాటికి నాలుగైదు కిలోవాట్లు, మీ ఒక్క రేడియేటర్ తీసుకునేది ఒక కిలోవాట్. మిగతా వేడి ఎక్కడికి పోవాలో తెలియక నీళ్ళు వెంటనే కాగిపోతాయి, బాయిలర్ ఆగుతుంది, రెండు నిమిషాలకి మళ్ళీ వెలుగుతుంది, రోజంతా ఇదే ఆట. ఇలా వెలిగి ఆరడంలో గ్యాస్ వృథా, లోపల భాగాలూ తొందరగా పోతాయి. కాబట్టి ఒక్కటే కాకుండా రెండు మూడు రేడియేటర్లు కలిసి నడిచేలా చూసుకోండి. మీ ఇంట్లో అమ్మగారి గది, మీ గది, మధ్యలో బాత్రూమ్, ఈ మూడూ వేస్తే సరిగ్గా సరిపోతుంది. మిగతా గదులు ఆపేయకుండా వాల్వు 1 దగ్గరో 2 దగ్గరో పెట్టి తలుపులు మూయండి. తలుపు తెరిచే ఉంటే చల్లగదికి పక్కగది వేడి కారిపోతుంది, వాల్వు తగ్గించి లాభం లేదు.

ఇప్పుడు ఎవరూ ముట్టుకోని నాబ్ ఒకటుంది, నన్నడిగితే అన్నిటికన్నా విలువైంది అదే. బాయిలర్ మీద రెండు నాబ్‌లో బటన్లో ఉంటాయి, కొళాయి బొమ్మ ఒకటి, రేడియేటర్ బొమ్మ ఒకటి. రేడియేటర్ బొమ్మది రేడియేటర్లకి పంపే నీళ్ళ వేడి, బిగించేటప్పుడు 75, 80 దగ్గర పెట్టి వదిలేస్తారు, ఎందుకంటే ఇల్లు త్వరగా కాగితే ఫిర్యాదులుండవు (నేనూ అలా వదిలేసిన ఇళ్ళున్నాయి, ఒప్పుకుంటున్నా). ఇప్పటి కండెన్సింగ్ బాయిలర్ల గొప్పంతా పొగలో ఉన్న నీటి ఆవిరిని చల్లబరిచి దాని వేడిని కూడా లాక్కోవడంలో ఉంది, అది జరగాలంటే రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీళ్ళు సుమారు 55 డిగ్రీల కన్నా తక్కువుండాలి. 80లో పంపితే 60, 65లో తిరిగొస్తాయి, ఆవిరి అలాగే బయటికి పోతుంది, కొన్న గ్యాస్‌లో పదో వంతు దాకా దాంతోపాటే పోగొట్టుకోవచ్చు. 60కి తగ్గించండి, రెండ్రోజులు చూడండి, ఇల్లు సరిపడా వేడెక్కుతుంటే 55 చేయండి. బాగా చలి పడిన రోజు సరిపోకపోతే ఐదు పెంచుకోండి, అంతే.

దీనికో ఖరీదుంది, అదీ చెప్పాలి. 80 నుంచి 55కి దిగితే రేడియేటర్ ఇచ్చే వేడి సగం దాకా పడిపోతుంది, ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది, అమ్మగారు ఇది పనిచేయట్లేదు అంటారు. ఇల్లు నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి పనికి అరగంట ముందు వేసే టైమర్‌ని గంట, గంటన్నర ముందుకి జరపాలి. అలా ఎక్కువ గంటలు నడిచినా మొత్తం గ్యాస్ తగ్గుతుంది, నా మీటర్‌లో తగ్గింది. పొద్దున ఓ గంట మాత్రమే వేసుకునే ఇంటికి ఈ పద్ధతి అంత కుదరదు, పగలంతా మనుషులుండే ఇంటికి మాత్రం దీన్ని మించింది లేదు.

రెండు జాగ్రత్తలు. మీ బాయిలర్ పాత రకమైతే, అంటే బయటికి పోయే తెల్లటి ప్లాస్టిక్ డ్రైన్ గొట్టం లేకపోతే, ఇది చేయొద్దు, లోపల నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. ఇంట్లో వేడినీళ్ళ ట్యాంకు ఉండి అదే బాయిలర్‌తో కాగుతుంటే 65 కన్నా దించొద్దు, ట్యాంకులో నీళ్ళు 60 అందుకోవాలి, గోరువెచ్చగా నిలవున్న నీళ్ళలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరుగుతుంది, ఊపిరితిత్తుల మీద దెబ్బ కొడుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో దాంతో ఆటలొద్దు.

వేడినీళ్ళ దగ్గర ఇంట్లో ఉండేవాళ్ళు గమనించని చిల్లు ఇంకోటి. ట్యాంకు లేని కాంబీ బాయిలర్ అయితే కొళాయి వేడి వైపు తిప్పిన ప్రతిసారీ అది వెలుగుతుంది. ఆఫీసులో ఉంటే పగలు చేతులు కడిగేది ఆఫీసు నీళ్ళతో, ఇప్పుడు రోజుకి పది పదిహేనుసార్లు ఇంట్లో. పది మీటర్ల సన్న గొట్టంలో లీటరున్నర నీళ్ళుంటాయి, మీరు చేతులు కడిగేది పది సెకన్లు, వేడినీళ్ళు మీ దాకా వచ్చేలోపే కట్టేస్తారు, కాగిన నీళ్ళు గొట్టంలోనే చల్లారతాయి. ఒకే పిడి ఉన్న కొళాయిలైతే మధ్యలో కాకుండా పూర్తిగా చల్లనీళ్ళ వైపు ఉంచడం అలవాటు చేసుకోండి. స్నానం లెక్క కూడా చూడండి, నిమిషానికి 8 లీటర్ల షవర్ కింద పది నిమిషాలుంటే 80 లీటర్లు, ముప్ఫై డిగ్రీలు పెంచాలి, నికరంగా 2.8 యూనిట్లు, బాయిలర్ నష్టాలతో మూడు దాటుతుంది. మీ మొత్తం వంటకన్నా ఒక్క స్నానం ఎక్కువ. కొన్ని కాంబీల్లో ఎప్పుడూ కొన్ని నీళ్ళు వేడిగా ఉంచే ప్రీహీట్ సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఎకోలోకి మార్చండి.

తేమ గురించి చెప్తానన్నా కదా. 20 డిగ్రీల గదిలో తేమ 60 శాతం ఉంటే 12 డిగ్రీల గోడ మీద నీళ్ళు పడతాయి. పొదుపు పేరుతో కొన్ని గదులు మంచుగడ్డల్లా వదిలేసి, సందులన్నీ బిగించి, బట్టలు లోపల ఆరేస్తే రెండు నెలల్లో మూలల్లో నల్లటి బూజు లేస్తుంది, దాన్ని వదిలించే ఖర్చు మిగిల్చిన గ్యాస్ కన్నా ఎక్కువ. తలుపు అడుగు, ఉత్తరాల సందు, వాడని చిమ్నీ, అటక మూత, ఇవి మూయండి. గ్యాస్ పరికరం కోసం పెట్టిన గాలి రంధ్రం మాత్రం ఎంత చల్లగాలి వచ్చినా మూయకూడదు. పొద్దున ఐదు నిమిషాలు కిటికీలు బార్లా తెరిచి మూసేస్తే తడిగాలి పోతుంది, గోడల్లో వేడి అలాగే ఉంటుంది, రోజంతా కాస్త తెరిచి ఉంచడం కన్నా అదే నయం. వంట పొయ్యి వెలిగించి గది వేడి చేసుకునేవాళ్ళుంటారు, దయచేసి వద్దు. ఒక క్యూబిక్ మీటర్ గ్యాస్ మండితే లీటరున్నర నీళ్ళు ఆవిరై గదిలోకే వస్తాయి, మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసనా రంగూ ఉండవు. పగలంతా ఇంట్లో ఉండేవాళ్ళకి తలనొప్పి వచ్చి బయటికెళ్తే తగ్గుతుంటే అది స్క్రీన్ చూసినందుకే అనుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టించుకోండి, బాయిలర్ సర్వీస్ ఏడాదికోసారి చేయించండి, పొయ్యి మంట నీలంగా కాకుండా పసుపుగా ఉంటే ఆపేసి మనిషిని పిలవండి.

చేసినవి పనిచేశాయో లేదో ఈ వారం, పోయిన వారం యూనిట్లు పక్కపక్కన పెట్టి చూస్తే తెలియదు, వాతావరణం కూడా మారుతుంది కదా. ప్రతి రోజూ 15.5లోంచి (బయట అంత ఉంటే హీటింగ్ అక్కర్లేదని వేసుకునే లెక్క) బయటి సగటు ఉష్ణోగ్రత తీసేసి వారానివి కూడండి, దాంతో హీటింగ్ యూనిట్లని భాగించండి. పోయిన వారం బయట సగటు 5.5, అంటే రోజుకి 10, వారానికి 70, మీరు వాడింది 350 యూనిట్లు, ఒక్కోదానికి 5. ఈ వారం బయట 8.5, వారానికి 49, వాడింది 280. తగ్గిందని సంబరపడతాం, కానీ భాగిస్తే 5.7, అంటే ఏదో చెడింది, ఎవరో వాల్వు పెంచారనో కిటికీ మర్చిపోయారనో.

చివరగా అమ్మగారి విషయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ళ గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో చలి ప్రాంతాల్లో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంది, పెద్దవాళ్ళకీ పసిపిల్లలకీ అంతకన్నా ఎక్కువ కావచ్చంది కూడా. వయసు పైబడ్డాక చలి తెలియడం తగ్గుతుంది, ఆవిడ నాకేం చలి లేదమ్మా అన్నంత మాత్రాన సరే అనుకోకండి, ఆవిడ కూర్చునే కుర్చీ పక్కన, ఆ ఎత్తులోనే, ఓ చవక థర్మామీటర్ పెట్టండి. ఆ గది 20, 21 ఉండనివ్వండి, పొదుపు ప్రయోగాలన్నీ మీ గదిలో చేసుకోండి. వీలైతే పగటిపూట మీ టేబుల్ కూడా ఆవిడ గదిలోనే ఓ మూలకి మార్చుకోండి, మీటింగుల్లో వెనక నుంచి ఆవిడ మాటలు వినపడతాయి, మా ఇంట్లోనూ వినపడుతున్నాయి, ఇద్దరికీ కలిపి ఒక్క గదే వేడి చేస్తే సరిపోతుంది. వారం రీడింగులూ, బాయిలర్ ముందు భాగం ఫోటో పంపితే రేడియేటర్ నాబ్ ఎంత దాకా దించొచ్చో చూసి చెప్తా.